నిబ్ మాస్టరు గారి కథ



కోవిల్‌పట్టిలోను విరుదునగర్‌లోను ఉన్న మన తెలుగు కుటుంబాల పిల్లలకు వేసవి సెలవుల్లో వి.బి.యస్. తరగతులు జరుపుకొంటున్న సంగతి మీకు తెలిసినదే. ఈసారి పెద్ద పిల్లలకు, అంటే ఎనిమిదేళ్ళు మొదలుకొని పదమూడేళ్ళ వారికి, ఒక దైవజనుని జీవితము చెప్పే పని నాకు అప్పగించారు. బానిసత్వాన్ని మాన్పించడానికి పాటుపడిన వారి జీవితాలు పిల్లల కోసం చిన్న చిన్న పుస్తకాలుగా చాలా వచ్చాయి. విల్బర్‌ఫోర్స్ గారిది ఉంది, లివింగ్‌స్టన్ గారిది ఉంది, హేరియట్ టబ్‌మన్ అనే నల్లజాతి తల్లిది ఉంది. నేను మాత్రం విలియం నిబ్ గారిని ఎన్నుకొన్నాను. అక్కడి దేశాల్లో ఎంతో పేరున్న బాప్టిస్టు ఆయన. మన వైపు ఆయనను అంతగా తలచుకోరు.

మన పిల్లల చదువు తమిళంలో. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని తెలుగు అక్షరం చదవలేరు. కనుక పుస్తకం చేతికి ఇచ్చి చదవమంటే కుదరదు. నేను చదువుకొని వెళ్ళి నోటితో చెప్పాను. మూడు సాయంత్రాలు పట్టింది. ఆ పుస్తకాలు ఎక్కడెక్కడ తొందరగా దాటిపోతాయో, అక్కడే పిల్లలు ఆగి ప్రశ్నలు వేశారు. సండేస్కూలు టీచర్లకు పనికి వస్తుందని ఆ సంగతులు కూడ ఇందులో వ్రాస్తున్నాను.

మొదటి రోజే ఒక చిక్కు వచ్చింది. మన పెద్దలు జూయెట్ దొరగారు, క్లౌ దొరగారు అన్నట్లే నేనూ నిబ్ దొరగారు అని మొదలుపెట్టాను. కొంచెం సేపటికి, బానిసలను కొన్న తోటల యజమానులను కూడ దొరలే అన్నాను. అయితే ఈయన ఆ దొరలలో ఒకడా తాతయ్యా అని ఒక పాప అడిగింది. నాకు సిగ్గువేసింది. అప్పటినుండి నిబ్ మాస్టరు అన్నాను. అది అబద్ధం కూడ కాదు. ఆయన జమైకాకు వెళ్ళింది పాస్టరుగా కాదు, బడిపంతులుగానే.

ఆయన 1803 సెప్టెంబరు 7న ఇంగ్లండులోని కెటరింగ్ అనే పట్టణంలో పుట్టారు. ఈ ఊరి పేరు బాప్టిస్టులకు కొత్త కాకూడదు. 1792 అక్టోబరు 2న విలియం కేరీ, ఆండ్రూ ఫుల్లర్ మొదలైన కాపరులు ఒక విధవరాలి ఇంటిలో కూడి మిషనెరీ సొసైటీని స్థాపించినది ఈ ఊరిలోనే. ఆ సంవత్సరమే కేరీ గారు అచ్చువేయించిన చిన్న పుస్తకంలో ఒక మాట ఉంది. వెస్టిండీస్ చక్కెర బానిసల నెత్తురుతో వచ్చినదని తెలిసి, దానిని వాడడం మానివేసిన కుటుంబాలు ఇంగ్లండులో చాలా ఉన్నవట. ఆ డబ్బు సువార్తకు ఇవ్వవచ్చును గదా అని ఆయన సలహా. ఇది చెప్పగానే కోవిల్‌పట్టి పిల్లలు కడలై మిఠాయిలో వేసే బెల్లం ఎవరు వండుతారని అడిగారు. వాళ్ళ ఊరి మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు కూడ వచ్చింది. ఆ ప్రశ్న నా పాఠంలో లేదు గాని, పాఠం సరిగా ఎక్కింది అనుకొన్నాను.

విలియం చిన్నతనంలోనే బడి ముగించి, అన్న థామస్‌తో పాటు బ్రిస్టల్ పట్టణంలో అచ్చుపనిలో చేరాడు. ఆ ముద్రాశాల ఫుల్లర్ గారి కుమారునిది. మిషనెరీల ఉత్తరాలు అక్కడే అచ్చవుతుండేవి. అక్షరాలు పేర్చే కుర్రవాడు వాటిని చదవకుండా ఎలా ఉంటాడు? 1822లో బాప్తిస్మము పొందాడు. ఆదివారం బీద పిల్లలకు సండేస్కూలు చెప్పేవాడు. అన్న థామస్ జమైకాకు బడిపంతులుగా వెళ్ళి కొద్దికాలానికే 1824లో జ్వరంతో చనిపోయాడు. ఆ కబురు బ్రిస్టల్ చేరినప్పుడు, అన్న విడిచిన బడికి తాను వెళ్తానన్నాడు విలియం. అక్టోబరులో మేరీ వాట్కిన్స్ అనే ఆమెతో వివాహం, నవంబరులో ఓడ ప్రయాణం. 1825 ఫిబ్రవరిలో కింగ్‌స్టన్ రేవులో దిగారు. అప్పటికి ఆయనకు ఇరవై ఒక్క ఏళ్ళు.

(విరుదునగర్ పిల్లలకు ఇక్కడ కామరాజ్ గారు గుర్తుకు వచ్చారు. చిన్నప్పుడే బడి మానవలసి వచ్చినవాడు ఇతరులకు బడులు తెరవడం వాళ్ళ ఊరి కథే గదా.)

జమైకా చక్కెర దీవి. మూడు లక్షలకు పైగా ఆఫ్రికా సంతతివారు అక్కడ బానిసలు. పగలు చెరకు నరకడం, గానుగ కాలంలో రాత్రిళ్ళు కూడ పని, వెనుక కొరడా. తల్లిని ఒక తోటకు, బిడ్డను మరొక తోటకు అమ్మేవారు. నేను కొరడా దెబ్బల వర్ణన పిల్లల దగ్గర పెంచలేదు. తల్లిని, బిడ్డను విడదీసి అమ్మడం ఒక్కటి చెప్తే చాలు, చిన్నవాళ్ళు కూడ నోరు మూసుకొని వింటారు.

ఇక్కడే పిల్లల పుస్తకాలు తొందరపడతాయి. నిబ్ గారు ఓడ దిగిన వెంటనే బానిసల విడుదలకు కంకణం కట్టుకొన్నారన్నట్లు వ్రాస్తాయి. జరిగినది అది కాదు. రాజకీయ సంగతుల్లో జోక్యం చేసుకోకూడదని సొసైటీ తన మిషనెరీలందరికీ ఖచ్చితమైన ఆజ్ఞ ఇచ్చి పంపేది. తోటల యజమానులకు కోపం వస్తే ఆరాధన మందిరాలు మూతపడతాయని భయం. నిబ్ గారికి బానిసత్వమంటే అసహ్యమే. ఇంటికి వ్రాసిన ఉత్తరాలలో ఆ అసహ్యం కనబడుతుంది. బహిరంగంగా మాత్రం ఏళ్ళ తరబడి నోరు కట్టుకొన్నారు. బడి నడిపారు, ప్రసంగించారు, సమాధి కార్యాలు చేశారు.

1830లో సవానా-లా-మార్ అనే ఊరిలో ఆ మౌనానికి మొదటి దెబ్బ తగిలింది. ఆ సంఘంలో శామ్ స్వైనీ అనే బానిస డీకనుగా ఉండేవాడు. నిబ్ గారు జబ్బుపడి రాలేకపోయిన రోజున విశ్వాసులు కూడుకొంటే స్వైనీ ప్రార్థన చేశాడు. బానిస ప్రసంగం చేశాడని మేజిస్ట్రేట్లు నేరం మోపారు. ప్రార్థనకూ ప్రసంగానికీ తేడా ఉందని నిబ్ గారు వాదించినా వినలేదు. కొరడా దెబ్బలు కొట్టించి, మరొక ఖైదీతో కలిపి గొలుసు వేసి, వీధిలో రోడ్డు పనికి తోలారు. నిబ్ గారు ఊరంతా చూస్తుండగా ఆ గొలుసుల మనిషి ప్రక్కన నడిచి వెళ్ళారు. తరువాత ఆ సంగతి అంతా అచ్చులో పెట్టారు. లండను దాకా వెళ్ళి, చివరికి ఆ మేజిస్ట్రేట్ల పదవులు పోయాయి. అచ్చుపని నేర్చిన చేయి గదా.

అదే సంవత్సరం ఫాల్మత్ సంఘానికి కాపరిగా వెళ్ళారు. మరుసటి సంవత్సరం జరిగినదే ఈ కథకు గుండెకాయ. అక్కడ నాయకుడు నిబ్ గారు కాదు.

మాంటెగో బే సంఘంలో శామ్ షార్ప్ అనే బానిస డీకను ఉండేవాడు. చదువు వచ్చినవాడు, మాటకారి. బైబిలు చదివి, వార్తాపత్రికలు చదివి, ఒక మనిషిని మరొక మనిషి స్వంతం చేసుకొనే హక్కు లేదని తేల్చుకొన్నాడు. 1831 క్రిస్మసు సెలవులు అయిన తరువాత కూలి ఇస్తేనే పనిలోకి దిగుతాము, లేకపోతే కూర్చుంటాము అని తోట తోటకు రహస్యంగా ఒట్టు వేయించాడు. మనం సమ్మె అంటామే, అదే. ఇంగ్లండు రాజుగారు విడుదల కాగితం పంపించారు, యజమానులు దాచిపెట్టారు అనే పుకారు అప్పటికే దీవి అంతా వ్యాపించి ఉంది.

డిసెంబరు 27న సాల్టర్స్ హిల్ అనే చోట క్రొత్త మందిరం ప్రతిష్ఠకు నిబ్ గారు వెళ్ళారు. అక్కడ చేరిన బానిసలతో, అలాంటి కాగితమేదీ రాలేదని, ఓపిక పట్టి రేపు పనిలోకి వెళ్ళమని బ్రతిమలాడారు. వాళ్ళ ముఖాలు ముడుచుకొనిపోయాయి. తెల్లవారు ఈయనకు డబ్బిచ్చి ఇలా చెప్పిస్తున్నారని కొందరు అనుకొన్నారు. ఆ రాత్రే కొండమీది కెన్సింగ్‌టన్ తోటకు నిప్పు అంటుకొంది.

ఇక్కడ నేను పిల్లలకు చెప్పని ఒక సంగతి మీకు చెప్పాలి. 1984లో, టీచర్ ట్రైనింగు ముగించిన కొత్తలో, ఈ ప్రాంతపు ఒక బడిలో అయిదవ తరగతి చెప్పేవాడిని. ఒక పిల్లవాడు రోజూ మొదటి గంటలోనే నిద్రపోయేవాడు. ఒకనాడు స్కేలుతో చేతిమీద కొట్టాను. వాడు ఏడవలేదు. చేయి తుడుచుకొని మళ్ళీ నిద్రపోయాడు. సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. బుడ్డిదీపం ముందు తల్లి, అవ్వ, ముగ్గురు పిల్లలు అగ్గిపెట్టెలు అంటిస్తున్నారు. గ్రోసుకు ఇంత అని కూలి. అవ్వ జబ్బుకు ముందుగా అడ్వాన్సు తీసుకొన్నారట. అది తీరే దాకా పెట్టెలు ఆపడానికి వీల్లేదు. నేను ఆ తల్లికి ఏమి చెప్పాను? ఓపిక పట్టమన్నాను. పరీక్షలప్పుడైనా పిల్లవాణ్ణి తొందరగా పడుకోనివ్వమన్నాను. కాఫీ త్రాగి వచ్చేశాను. మరుసటి సంవత్సరం వాడు బడికి రాలేదు. చీకటి ఉండగానే పల్లెలకు వచ్చి పిల్లలను ఎక్కించుకొనిపోయే ఫ్యాక్టరీ బస్సులో వాడు కూడ వెళ్తున్నాడని విన్నాను. అక్కడ చట్రాలలో పుల్లలు పేర్చే పని. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చిందని, అడ్వాన్సు పేరుతో మనిషిని కట్టిపెట్టడం ఆ చట్టం క్రిందికి రావచ్చునని నాకు చాలా ఏళ్ళ తరువాత గాని తెలియలేదు. 1986లో బాలకార్మికుల చట్టం వచ్చింది. 1996 డిసెంబరులో శివకాశి పిల్లల విషయమై సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, పనిలో పెట్టుకొన్న ఒక్కొక్క పిల్లవానికి యజమాని 20,000 రూపాయలు కట్టాలన్నది. అప్పటికి వాడు పెళ్ళి చేసుకొనే వయస్సువాడు.

సాల్టర్స్ హిల్ దగ్గర నిబ్ గారు నిలబడి ఓపిక పట్టమని చెప్పిన ఘట్టం వచ్చినప్పుడల్లా నాకు ఆ బుడ్డిదీపం జ్ఞాపకం వస్తుంది. అందుకే పిల్లల పుస్తకం ఆ పేజీని దాటవేస్తే నేను ఒప్పుకోను.

తిరుగుబాటులో దాదాపు 60,000 మంది బానిసలు చేరారని చెబుతారు. సైన్యం వచ్చి అణచివేసింది. తెల్లవారు పద్నాలుగు మంది చనిపోతే, నల్లవారు రెండు వందల మందికి పైగా పోరులోనే చనిపోయారు. ఆ తరువాత విచారణ అనే పేరుతో ఇంకా మూడు వందల మందికి పైగా ఉరి తీశారు, కాల్చారు. శామ్ షార్ప్‌ను 1832 మే 23న మాంటెగో బే సంతవీధిలో ఉరి తీశారు. ఆస్తి నష్టపోయినందుకు ఆయన యజమానికి పదహారు పౌన్ల పది షిల్లింగులు ముట్టాయి. బాప్టిస్టుల యుద్ధము అని ఆ తిరుగుబాటుకు పేరు పడిపోయింది. జమైకా స్వతంత్ర దేశమైన తరువాత 1975లో ఆయనను జాతీయ వీరునిగా ప్రకటించింది. కరెన్సీ నోటు మీద ఆయన బొమ్మ వేసింది.

నింద మిషనెరీల మీద పడింది. నిబ్ గారిని పట్టుకొని, కప్పులేని పడవలో మాంటెగో బేకు తరలించి కాపలాలో ఉంచారు. నేరం రుజువు చేయలేక వదిలారు. ఈలోగా తెల్లవారి గుంపులు మందిరాల మీద పడ్డాయి. ఫాల్మత్ మందిరాన్ని కూలగొట్టారు. తిరుగుబాటు ముందు రోజున ఓపిక పట్టమని చెప్పిన మనిషికి, యజమానుల దగ్గర ఆ మాటకు విలువ ఏమీ లేదని అప్పుడు అర్థమైంది. సంఘస్థులు ఆయనను ఇంగ్లండుకు పంపారు. మా సంగతి వెళ్ళి చెప్పండి అన్నదే వారి కోరిక.

1832 జూన్‌లో లండనులో సొసైటీ వార్షిక సభ. నిబ్ గారు లేచి బానిసత్వం ఉన్నంత కాలం జమైకాలో సువార్తకు చోటు లేదని చెప్పడం మొదలుపెట్టారు. సొసైటీ కార్యదర్శి వెనుకనుండి కోటు అంచు పట్టి లాగారట, మాట తగ్గించమని. నిబ్ గారు తగ్గించలేదు. నన్ను సేవనుండి తీసివేసినా సరే, భార్యాబిడ్డలతో కాలినడకన తిరుగుతూనైనా ఇది చెప్తాను అన్నారు. కోటు లాగిన ఘట్టాన్ని మన కోవిల్‌పట్టి మగపిల్లలు ఇద్దరు నటించి చూపించారు. చొక్కా గుండీ ఒకటి ఊడింది.

అక్కడినుండి ఇంగ్లండు, స్కాట్లండు అంతా తిరిగారు. పార్లమెంటు రెండు సభల విచారణ సంఘాల ముందు సాక్ష్యమిచ్చారు. విల్బర్‌ఫోర్స్ గారి తరంవారు యాభై ఏళ్ళుగా దున్నిన పొలం అది. నిబ్ గారు, మరికొందరు మిషనెరీలు కళ్ళారా చూసినవారుగా వచ్చి నిలబడ్డారు. జమైకాలో చనిపోయినవారి వార్త అందరినీ కదిలించింది. 1833 జూలై 26న కామన్స్ సభలో బిల్లు గట్టెక్కింది, మూడు రోజులకు విల్బర్‌ఫోర్స్ గారు కన్నుమూశారు. ఆగస్టు 28న చట్టమైంది. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని మన దేశానికి మాత్రం అది వర్తించలేదు. మనకు వేరే చట్టం 1843లో గాని రాలేదు.

ఈ చట్టం దగ్గర నేను పిల్లల చేత లెక్క చేయించాను. యజమానులకు నష్టపరిహారం రెండు కోట్ల పౌన్లు. విడుదలైన బానిసలు దాదాపు ఎనిమిది లక్షలు. భాగించండి అన్నాను. తలకు ఇరవై అయిదు పౌన్లు అని చెప్పారు. బానిసలకు ఎంత వచ్చింది తాతయ్యా అన్నారు. ఏమీ లేదు అన్నాను. నమ్మలేదు. పుస్తకంలో తప్పు పడిందేమో అన్నాడొకడు. ఆ పరిహారానికి బ్రిటిషు ప్రభుత్వం చేసిన అప్పు పూర్తిగా తీరింది 2015లో అని చెప్తే, తాను పుట్టిన తరువాతా అని ఒక పదమూడేళ్ళ అమ్మాయి వ్రేళ్ళ మీద లెక్కపెట్టుకొంది.

చట్టం కూడ పూర్తి విడుదల ఇవ్వలేదు. 1834 ఆగస్టు 1 నుండి వారిని అప్రెంటీసులు అన్నారు. వారానికి నలభై గంటలకు పైగా పాత యజమాని దగ్గరే కూలి లేని పని. పేరు మారింది, కొరడా మారలేదు. నిబ్ గారు తిరిగి జమైకా చేరి మందిరాలు మళ్ళీ కట్టిస్తూ దీనితో పోరాడారు. 1837లో పన్నెండేళ్ళ కొడుకును అక్కడి మట్టిలోనే పాతిపెట్టారు. ఇక్కడనుండి కూడ ఉత్తరాలు, అక్కడనుండి కూడ సభలు, చివరికి 1838 ఆగస్టు 1న ఆ అప్రెంటీసు పద్ధతి పోయింది.

ఆ ముందు రాత్రి ఫాల్మత్ మందిరం నిండిపోయింది. నిబ్ గారు గడియారం చూపిస్తూ నిలబడ్డారు. పన్నెండు కొట్టింది. తెల్లవారిన తరువాత ఒక శవపేటికలో బానిసల గొలుసు, కొరడా, మెడకు వేసే ఇనుప పట్టీ పెట్టి, బడి ఆవరణలో గొయ్యి తీసి పూడ్చారు. ఆ చోట ఒక మొక్క నాటారు.

విడుదలైన తరువాత యజమానులు క్రొత్త ఎత్తు వేశారు. గుడిసె నాది, స్థలం నాది, అద్దె కట్టు, లేదా నేను చెప్పిన కూలికి పని చెయ్యి అన్నారు. నిబ్ గారు, తోటి మిషనెరీలు అప్పుచేసి భూములు కొని, చిన్న ముక్కలుగా చేసి విడుదలైనవారికి అమ్మారు. అలా లేచిన పల్లెలలో ఒకదాని పేరు కెటరింగ్. ఇంటి స్థలం తనదైతేనే కూలివాడు కూలి అడగగలడు అన్నది ఆయన కనిపెట్టిన సూత్రం కాదు, విడుదలైనవారు ఆయనకు చూపించినదే. 1840లో లండనులో జరిగిన ప్రపంచ బానిసత్వ వ్యతిరేక మహాసభకు ఆయన ఒంటరిగా వెళ్ళలేదు. హెన్రీ బెక్‌ఫర్డ్, ఎడ్వర్డ్ బారెట్ అనే నల్లజాతి డీకన్లను వెంటబెట్టుకొని వెళ్ళారు. ఆ సభను గీసిన పెద్ద చిత్రపటంలో బెక్‌ఫర్డ్ గారు ముందువరుసలో కనబడతారు. 1843లో స్థానిక కాపరుల తరిఫీదుకు కలబార్ కళాశాల ప్రారంభమైంది. జమైకా బాప్టిస్టులు ఆఫ్రికాకే సువార్తికులను పంపే స్థితికి వచ్చారు.

1845 నవంబరు 15న ఎల్లో ఫీవరు సోకి నిబ్ గారు జమైకాలోనే చనిపోయారు. నలభై రెండేళ్ళు. వేలమంది సమాధి కార్యానికి నడిచి వచ్చారు. 1988లో, విడుదల అయిన 150వ ఏట, జమైకా ప్రభుత్వం ఆయన పేరున ఆర్డర్ ఆఫ్ మెరిట్ అనే గౌరవాన్ని ప్రకటించింది.

అదే 1845లో, మే నెలలో, ఒక ఓడ జమైకా రేవుకు వచ్చింది. అందులో ఉన్నవారు మన దేశంనుండి తెచ్చిన ఒప్పందపు కూలీలు. బానిసలు పోయిన తోటలకు చౌకగా మనుషులు కావాలి గదా. 1860లో మద్రాసునుండి ఇలాంటి ఓడే నేటాల్‌కు వెళ్ళింది. ఆ దారిన వెళ్ళిన వేలమందిలో మన తెలుగువారు ఉన్నారు. చెరకు తోటలలోని ఆ తెలుగువారి కోసం 1903లో జాన్ రంగయ్య గారు నెల్లూరు వైపునుండి నేటాల్ వెళ్ళారు. ఆయనను పంపింది తెల్లవారు కాదు, మన తెలుగు బాప్టిస్టులే. వచ్చే సంవత్సరం పిల్లలకు రంగయ్య గారి జీవితము చెప్పాలని అనుకొంటున్నాను.

మూడవ సాయంత్రం పిల్లలు ఆ శవపేటిక ఘట్టం ఆడుతామన్నారు. అగ్గిపెట్టెల బండిళ్ళు వచ్చే పెద్ద అట్టపెట్టె ఒకటి తెచ్చాను. ఇందులో ఏమి పెట్టాలి అని అడిగితే, ఒకరు సైకిలు గొలుసు తెచ్చారు, ఒకరు తాడు తెచ్చారు. ఒక అమ్మాయి ఇంటికి పరుగెత్తి వాళ్ళ అవ్వ దగ్గరనుండి ఒక పాత అట్టపుస్తకం తెచ్చింది. అవ్వ చిన్నప్పుడు ఎన్ని గ్రోసులు అంటించినదీ, ఎంత అడ్వాన్సు మిగిలినదీ గీతలు గీతలుగా వ్రాసి ఉన్న పుస్తకం. దానిని కూడ పెట్టి, మందిరం వెనుక వేపచెట్టు క్రింద ఇసుక కప్పారు. ప్రార్థన చేసి పిల్లలను పంపించాను.

మరునాడు ప్రొద్దుననే ఆ అవ్వ మా ఇంటికి వచ్చింది. పుస్తకం తిరిగి ఇవ్వమంది. దాని మధ్యలో రేషను కార్డు జిరాక్సు ఉందట. వెళ్ళి త్రవ్వి తీసి ఇచ్చాను.